మంగు మచ్చకి ఆరు సిట్టింగులు

పెళ్ళిళ్ళ సీజను వస్తోందంటే చాలు, ఫోను తెరిస్తే లేజర్ ప్రకటనలే. పెళ్ళికూతురికి ఒక ప్యాకేజీ, తోటి పెళ్ళికూతురికి డిస్కౌంటు, పెళ్ళికూతురి తల్లికి ఇంకో ప్యాకేజీ. "కత్తి లేదు, కుట్టు లేదు, గంటలో ఇంటికి వెళ్ళిపోవచ్చు, పదేళ్ళు వెనక్కి వెళ్ళిపోవచ్చు" అని. పక్కన రెండు ఫొటోలు. ఎడమవైపు ట్యూబులైటు కింద తీసిన బుగ్గ, కుడివైపు రింగులైటు ముందు తీసిన బుగ్గ. ఈ కిటుకు కనిపెట్టడానికి చదువేమీ అక్కర్లేదు, ఇంట్లో ఇంటర్ చదివే ఆడపిల్ల ఉంటే చాలు.

నా మాట ముందే చెప్పేస్తాను. నేను లేజర్‌కి వ్యతిరేకిని కాను. అది అవసరమైన మొహాలు ఉన్నాయి, దానివల్ల బాగుపడినవాళ్ళూ నాకు తెలుసు. కానీ అది వైద్యం. దాన్ని ఫేషియల్‌లాగా మూట కట్టి అమ్ముతున్నారు. అమ్మేవాళ్ళది ఒక తప్పయితే, ఆ గుమ్మం మనం దొంగతనంగా ఎక్కేలా చేసే మన ఇళ్ళది ఇంకో తప్పు. మొదటిదాన్ని అందరం తిడతాం. రెండోదాని దగ్గరికొచ్చేసరికి నోరు పెగలదు.

మా వదిన సంగతి ఆవిడని అడిగే రాస్తున్నాను. మా ఆయనకి అక్క, నలభై ఎనిమిదేళ్ళు. రెండో కాన్పు అప్పుడు రెండు బుగ్గల మీదా, ముక్కు మీదా మంగు వచ్చింది. కాన్పయ్యాక పోతుందన్నారు. పోలేదు. ఆ పిల్లకి పెళ్ళీడు వచ్చింది గానీ మంగు మాత్రం అక్కడే ఉంది. బంగాళాదుంప రసం, నిమ్మచెక్క, పాలలో అరగదీసిన జాజికాయ, ఎవరేది చెప్తే అది పూసింది. ఆ మధ్య ఎవరో చెప్పారని మందుల షాపులో ఒక ట్యూబు కొనుక్కుంది. నెల తిరక్కుండా మొహం తెల్లబడింది. మానేస్తే మంట, ఎరుపు. అందుకని మానలేదు, ఆరేళ్ళు.

అమ్మాయికి సంబంధం కుదిరాక, కాబోయే వియ్యపురాలు మొదటిసారి ఇంటికొచ్చి కాఫీ తాగుతూ నవ్వుతూనే ఒక మాట అంది: "అమ్మాయికి వాళ్ళ నాన్నగారి పోలికే వచ్చింది, నయమే లెండి." అందరూ నవ్వారు. వదిన కూడా నవ్విందట. ఆ వారంలోనే చీటీ పాడుకున్న డబ్బుతో ముప్ఫై ఆరు వేలు కట్టి ఆరు సిట్టింగుల ప్యాకేజీ తీసుకుంది. మొత్తం ముందే కడితే ఆఖరి రెండూ ఫ్రీ అన్నారట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. గుడికి, టైలరు దగ్గరికి అని చెప్పి వెళ్ళేది.

డాక్టరుగారు శనివారాలు మాత్రమే వస్తారని చెప్పి, ఏప్రాన్ వేసుకున్న ఒక అమ్మాయి చేసింది. మొహానికి ఏం పూస్తున్నారని అడగలేదు. థైరాయిడ్ ఉందా, ఏమైనా మాత్రలు వాడుతున్నారా అనీ అడగలేదు. నాలుగో సిట్టింగు అయ్యాక రెండు రోజులు మొహం అట్లకాడ ఆనించినట్టు మండింది. వారం తిరిగేసరికి బుగ్గల మీద మునుపటికన్నా ముదురు నలుపు, మెషీను మూతి ఆనిన చోటల్లా అచ్చు గుద్దినట్టు. ఫోను చేస్తే "మచ్చ పైకి తేలుతోంది మేడమ్, మంచిదే" అన్నారు. పెళ్ళిలో రెండు పొరల మేకప్పు వేసుకుంది. మొహం ఏంటలా ఉందని ఎవరైనా అడిగితే ఎండలో తిరిగానంది. పెళ్ళయిన రెండు నెలలకి, మా ఇంట్లో చింతపండు గింజలు తీస్తూ, తలెత్తకుండా నాకు చెప్పింది.

అప్పుడు ఇద్దరం కలిసి ఒక స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆవిడ పేరు ముఖ్యం కాదు, ఆవిడ ఎలా చూసిందన్నది ముఖ్యం. ముందు మొహం కడుక్కోమంది. కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఒక చిన్న భూతద్దం లాంటిదానితో చూసింది. గది చీకటి చేసి నీలంగా వెలిగే దీపం వేసి చూసింది, మచ్చ ఎంత లోతులో ఉందో దానివల్ల కొంత తెలుస్తుందట. ఆ తర్వాత ప్రశ్నలు. తలకి ఏ రంగు వేస్తారు? బొట్టుబిళ్ళ కింద దురద పెడుతుందా? అమ్మకి మంగు ఉండేదా? ఇంట్లో వాడే క్రీములన్నీ తెచ్చారా? వదిన సంచిలోంచి ఆ ట్యూబు తీసింది. డాక్టరు దాన్ని తిప్పి చూసి పక్కన పెట్టి, "లేజర్ సంగతి తర్వాత, ముందు దీన్నించి బయటపడాలి" అంది.

ఆ ట్యూబులో ఉన్నది స్టెరాయిడ్. కొత్తలో తెల్లబరుస్తుంది, తర్వాత చర్మాన్ని ఉల్లిపొరలా పల్చన చేస్తుంది, సన్నటి ఎర్ర నరాలు తేలతాయి, నూగు పెరుగుతుంది. మన దేశంలో ఇది ఎంత మామూలైపోయిందంటే, ఇలా పాడైన మొహానికి మన చర్మవైద్యులు ప్రత్యేకంగా ఒక పేరే పెట్టుకున్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి క్రీములు చాలావాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా మన సందు చివరి షాపులో చీటీ అడిగేవాళ్ళెంతమంది? అలా పల్చబడిన చర్మం మీద లేజర్ కొట్టారు. మండక ఏం చేస్తుంది.

లేజర్ ఎలా పనిచేస్తుందో వింటే ఇందులో మర్మం సగం అర్థమవుతుంది. అది ఒకే రకం కాంతి. ఒక్కో రకాన్ని ఒక్కోటి పీల్చుకుంటుంది: కొన్నిటిని చర్మంలోని రంగు, కొన్నిటిని రక్తం, కొన్నిటిని నీరు. నల్లచీర, తెల్లచీర పక్కపక్కనే ఆరేస్తే నల్లది ముందు వేడెక్కినట్టే ఇదీను. తగిన కాంతిని తగినంత తక్కువసేపు కొడితే మచ్చ వేడెక్కి పగులుతుంది, పక్క చర్మం మిగులుతుంది. 1960లో మైమన్ మొదటి లేజర్ వెలిగించిన కొన్నేళ్ళకే చర్మం మీద ప్రయోగాలు మొదలైనా, ఈ సూత్రాన్ని ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు అమెరికా వైద్యులు 1983లో తేటతెల్లం చేశాకే దారి దొరికింది. 2004లో ఇంకో మెట్టు ఎక్కారు. మొహం మొత్తం కాల్చకుండా, జల్లెడ కన్నాల్లా సన్నటి చుక్కలుగా కొట్టి, మధ్యలో చర్మాన్ని అలాగే వదిలేయడం. మిగిలిన చర్మమే చుట్టూ ఉన్న గాయాన్ని త్వరగా మాన్పుతుంది. ఫ్రాక్షనల్ అంటారే, అదే ఇది.

తెల్లచీర మీద నల్ల మరక వెతికి పట్టుకోవడం తేలిక. మనది గోధుమరంగు, చామనఛాయ, నలుపు. లేజర్‌కి మచ్చలో ఉన్న రంగూ, మన ఒంటి రంగూ ఒకటే పదార్థం. అందుకే మనలాంటి చర్మానికి పొడుగు తరంగం ఉన్న 1064 నానోమీటర్ల రకాన్ని ఎక్కువగా ఎంచుకుంటారు, పైరంగు దాన్ని తక్కువ పీల్చుకుంటుంది కాబట్టి. అదైనా జాగ్రత్తగా, తక్కువ మోతాదులో. చర్మాన్ని ఒకటి నుంచి ఆరు రకాలుగా విడగొట్టే ఫిట్జ్‌పాట్రిక్ లెక్క ఒకటుంది, క్లినిక్కులన్నీ దాన్నే వాడతాయి. 1975లో వేసినప్పుడు అది తెల్లవాళ్ళ కోసమే, నాలుగు రకాలే. మనకీ, నల్లవాళ్ళకీ చోటిచ్చిన చివరి రెండు రకాలూ తర్వాత చేర్చినవి. మనలో ఎక్కువమంది ఇప్పుడు నాలుగులోనో, ఐదులోనో ఉంటాం.

ఇంకో సంగతి మనకి పుస్తకం చూడకుండానే తెలుసు. పూరీలు వేయించేటప్పుడు చేతిమీద చిందిన నూనెచుక్క నల్లమచ్చయి నెలలు ఉంటుంది. దోమ కుట్టినా, మొటిమ గిల్లినా అంతే. మన చర్మం వేడికీ గాయానికీ నలుపుతో జవాబు చెప్తుంది. అలాంటి చర్మం మీద, అందులోనూ ఊరకే రెచ్చిపోయే మంగు మీద, వేడి పుట్టించే మెషీను పెడుతున్నాం. మంగుకి లేజర్ మొదటి మందు కాదు. ఎండకి కాపు, పూతమందులు, అవసరమైతే మాత్రలు అయ్యాక, అప్పటికీ లొంగకపోతే, అదీ వెనక్కి తిరిగి వచ్చే అవకాశం ఉందని చెప్పి మరీ చేయాల్సింది. ఆఖరున రావాల్సినదాన్ని మొదటిరోజే మొదలెట్టి, "ఆరు సిట్టింగుల్లో మాయం" అనడమే నాకు ఒళ్ళు మండే విషయం.

అసలు మొహం మీద నల్లగా ఉన్నదల్లా మంగు కాదు. తలరంగు పడక నుదురూ చెంపలూ నల్లబడే వాళ్ళున్నారు. ఆ రంగు మానకుండా ఎన్ని లేజర్లు చేసినా బూడిదలో పోసిన పన్నీరే. కుంకుమ పడనివాళ్ళకి బొట్టు చుట్టూ నల్లబడుతుంది. బొట్టుబిళ్ళ జిగురు పడక అక్కడ తెల్లమచ్చ వచ్చేవాళ్ళూ ఉన్నారు. మెడ వెనక మందంగా, వెల్వెట్టులా నల్లబడితే అది ఎండా కాదు, మట్టీ కాదు. చాలాసార్లు ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయట్లేదని చెప్పే గుర్తు. దానికి కావలసింది షుగరు పరీక్ష, బరువు తగ్గడం. దాన్ని కూడా "ట్యాన్" అని పేరు పెట్టి ప్యాకేజీలో కలిపేస్తున్నారు. ఒంట్లో మొదలవుతున్న జబ్బు చెప్తున్న కబురుని మనం డబ్బిచ్చి చెరిపించుకుంటున్నామన్నమాట.

ముడతల సంగతి కూడా ఒక మాట. మనవాళ్ళకి ఎండ దెబ్బ ముందు మచ్చలుగా, రంగు తేడాగా కనిపిస్తుంది, ముడతలు ఆలస్యంగా వస్తాయి. కళ్ళ పక్కన సన్నగీతలకి, గరుకుదనానికి ఫ్రాక్షనల్ లేజర్ కొంత పనిచేస్తుంది. లోపల కొల్లాజెన్ కొత్తగా తయారవ్వాలి కాబట్టి ఫలితం తెలియడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. పెళ్ళికి పదిహేను రోజుల ముందు వెళ్ళి "పదేళ్ళు వెనక్కి" అంటే జరిగేది కాదు, ఎర్రబడిన మొహంతో, పెచ్చులతో పీటల దగ్గర కూర్చోవడమే జరుగుతుంది. జారిన బుగ్గలు లేజర్‌తో పైకి లేవవు. ఇక ఐపీఎల్ అనేది అసలు లేజరే కాదు, రకరకాల కాంతుల కలగలుపు, మన రంగుకి దానితో కాలే భయం ఎక్కువ. కార్బన్ ఫేషియల్ అని తారులా నల్లగా పూసి టపటపలాడించేది మాత్రం లేజరే. పేరులో ఫేషియల్ ఉందని పార్లర్ పని అనుకోకండి.

బాగుపడినవాళ్ళు తెలుసన్నాను కదా. మా చిన్నాన్న మనవరాలికి పుట్టినప్పటి నుంచి ఒక కంటి చుట్టూ, చెంప మీద బూడిదనీలం మచ్చ. దెబ్బ తగిలిందా అని బడిలో ప్రతి కొత్త టీచరూ అడిగేది. డాక్టరు దాన్ని ఓటా మచ్చ అని చెప్పి, కంటికి లోహపు కవచం పెట్టి, నెలల ఎడంతో చాలాసార్లు లేజర్ చేశారు. ఇప్పుడు తెలిసినవాళ్ళు వెతికితే తప్ప కనిపించదు. అమ్మవారు పోసిన గుంటలు, మొటిమల గుంటలు కూడా ఫ్రాక్షనల్‌తో పూర్తిగా కాకపోయినా బాగా పూడతాయి. ఆ పిల్లలు తలవంచుకుని తిరగడం చూసినవాళ్ళెవరూ లేజర్‌ని సోకు అనరు.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి. మోకాళ్ళ నొప్పి అంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. బట్టతలకి మగవాళ్ళు లక్ష పోసి జుట్టు నాటించుకుంటే "పాపం, పెళ్ళి కావాల్సినవాడు" అంటారు. నలభై దాటిన ఆడది మంగుకి డాక్టరు దగ్గరికి వెళ్తానంటే మాత్రం "ఈ వయసులో నీకెందుకే సోకులు?" మళ్ళీ అదే నోటితో "మొహం ఏంటి అలా మాడిపోయింది" అని కూడా అంటారు. ఈ రెండు మాటల మధ్య ఇరుక్కున్న మనిషి ఎక్కడికి వెళ్తుంది? ఏ ప్రశ్నా అడగకుండా "రండి మేడమ్" అని ఏసీ గదిలో కూర్చోబెట్టే చోటికి వెళ్తుంది. రహస్యంగా వెళ్తుంది కాబట్టి తోడు ఎవరూ ఉండరు. బిల్లు దాస్తుంది, లేదా తీసుకోదు. కాలితే చెప్పుకోలేదు, దెబ్బలాడలేదు. ఆ ప్యాకేజీ వ్యాపారానికి పెట్టుబడి మెషీను కాదు, మన సిగ్గు.

వదిన చెప్పగానే మా అన్నయ్యగారు (వదిన భర్త) అన్న మొదటిమాట "ముప్ఫై ఆరు వేలా!" మొహం గురించి అడగడానికి ఆయనకి ఒక పూట పట్టింది. మంచిమనిషే. ఇరవై ఏళ్ళుగా భార్య బుగ్గల మీద ఉన్నది జబ్బని ఆయనకి ఎవరూ చెప్పలేదు, ఆయన అడగనూ లేదు. సబ్బుల కంపెనీలు, క్రీముల కంపెనీలు మనకి నేర్పింది రంగు గురించే గానీ చర్మం గురించి కాదు. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరు మార్చి గ్లో అండ్ లవ్లీ చేశారు. డబ్బా మీద మాట మారింది. వియ్యపురాళ్ళ మాట మారలేదు.

వదిన వైద్యం ఇప్పుడు ఎనిమిదో నెల. స్టెరాయిడ్ మానడానికే మూడు నెలలు నరకం చూసింది. ఇప్పుడు పొద్దున్నే లేతరంగు కలిసిన సన్‌స్క్రీను, చూపుడువేలు, మధ్యవేలు పొడుగునా రెండు గీతలు, మొహానికీ మెడకీ. ఇంట్లో ఉన్నా సరే, కిటికీ అద్దంలోంచి కూడా కొంత ఎండ వస్తుంది. రంగు కలిసినదే ఎందుకంటే అందులోని ఐరన్ ఆక్సైడ్ కంటికి కనిపించే వెలుగుని కూడా ఆపుతుంది, మంగుని ఆ వెలుగూ రెచ్చగొడుతుంది. పొయ్యి సెగ కూడా మంచిది కాదని డాక్టరు చెప్తే, పెనం పని అన్నయ్యగారికి అప్పగించింది. ఆయన దోసెలు ఇంకా గుండ్రంగా రావట్లేదు. రాత్రి ఒక పూతమందు. మాత్ర కూడా ఇచ్చారు, నెలసరి ఎక్కువైనప్పుడు ఇచ్చే ట్రనెక్సామిక్ యాసిడే, తక్కువ మోతాదులో. రక్తం గడ్డకట్టిన చరిత్ర ఏమైనా ఉందా అని గుచ్చిగుచ్చి అడిగాకే రాశారు. మీరు మాత్రం పక్కింటావిడ చీటీ చూసి కొనుక్కోకండి. మచ్చ పోలేదు. తగ్గింది. దగ్గరగా చూస్తే తెలుస్తుంది, ఆవిడకి అది పట్టింపు తగ్గింది.

మీలో ఎవరైనా లేజర్‌కి వెళ్ళాలనుకుంటే వెళ్ళండి, కానీ చెప్పి వెళ్ళండి, ఒకరిని వెంటబెట్టుకుని వెళ్ళండి. బోర్డు మీద చర్మవైద్యంలో ఎం.డి. గానీ, డిప్లొమా గానీ ఉందా చూడండి. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరుని రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ సైటులో సరిచూసుకోవచ్చు. నా మచ్చ పేరేమిటి అని అడగండి. పేరు చెప్పలేని మనిషి దాన్ని తీసేస్తాననడం ఏమిటి? మెషీను ఎవరు పట్టుకుంటారో అడగండి. గర్భం, మొటిమలకి మింగే మాత్రలు, పెదవి మీద తరచూ వచ్చే జ్వరపు పొక్కులు, గాయం మానాక కండ ఉబ్బే తత్వం, ఇవి వాళ్ళు అడగకపోయినా మీరే చెప్పండి. చెవి పక్కన చిన్నచోట ముందు కొట్టి, కొన్ని వారాలు ఆగి, నల్లబడకపోతేనే మొహానికి రమ్మనే డాక్టరు దొరికితే ఆవిణ్ణి వదలకండి. ఆ గడ్డం వెంట్రుకలు కూడా కలిపి చేసేస్తాం అంటే తొందరపడకండి, మన చర్మాల్లో కొందరికి లేజర్ తగిలాక చుట్టుపక్కల నూగు ముదిరి వెంట్రుకలు ఇంకా పెరుగుతాయి. కళ్ళకి కవచం పెట్టకుండా మెషీను ఆన్ చేస్తే లేచి వచ్చేయండి. ఆ 1064 రకం కాంతి కంటికి కనిపించదు గానీ కంటి లోపలి పొరదాకా వెళ్తుంది.

ప్రతి సిట్టింగుకీ బిల్లు, లేజర్ రకం, ఎంత శక్తితో కొట్టారో రాసిన కాగితం అడిగి తీసుకోండి. ఏదైనా తేడా వస్తే తర్వాత చూసే డాక్టరుకి అదే ఆధారం, వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాలన్నా అదే ఆధారం. వదిన దగ్గర ఉన్నదల్లా ఒక గులాబిరంగు కార్డు. దాని మీద ఆరు పూలు, నాలుగింటికి టిక్కులు. మిగిలిన రెండూ వాడుకోమని ఇప్పటికీ నెలకోసారి మెసేజ్ వస్తోంది.